దొంగ బ్యాంకు సైటు 6 రోజులుగా నడుస్తూనే ఉంది. దాన్ని మూయించే అధికారం అసలు ఎవరికుంది?

నిడదవోలు నెట్‌సెంటర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం అండి. మాది నిడదవోలు. చిన్న జిరాక్స్ షాపు, నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. ఊళ్ళో సగం మంది పింఛను కాగితాలు, హాల్ టికెట్లు, పాన్ కార్డులు నా చేతి మీదుగానే వెళ్తాయి. "తెలియని లింకులు నొక్కకండి" అని ఎర్ర స్కెచ్‌తో రాసి కౌంటర్ మీద అంటించిందీ నేనే. ఇప్పుడు మోసపోయింది మా నాన్నగారు.

ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. నవంబరు వచ్చిందంటే ఇంట్లో లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్ మొదలు. సరిగ్గా అదే సమయానికి "మీ లైఫ్ సర్టిఫికెట్ అందలేదు, ఈ రాత్రితో పింఛను నిలిపివేయబడును" అని మెసేజ్ వచ్చింది. లింకు నొక్కితే అచ్చం ఆయన బ్యాంకు పేజీయే. అదే లోగో, అదే నీలం రంగు. కింద "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అన్న హెచ్చరిక కూడా ఉంది. ఆ హెచ్చరిక చూసే నమ్మకం కుదిరిందట ఆయనకి. 24,800 ఒకసారి, 24,700 ఇంకోసారి వెళ్ళిపోయాయి.

నాతో చెప్పడానికి మొహమాటపడి రెండున్నర గంటలు ఊరుకున్నారు. చెప్పిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. రెండో మొత్తం ఏదో ఖాతాలో హోల్డ్‌లో పెట్టగలిగారు. మొదటిది చేతులు మారిపోయింది.

నా ప్రశ్న డబ్బు గురించి కాదండి, ఆ సైటు గురించి. ఈరోజుకి ఆరో రోజు, ఇంకా నడుస్తోంది. స్టేషన్‌లో అడిగితే సర్వరు బయటి దేశంలో ఉందన్నారు. బ్యాంకులో అడిగితే అది మా సైటు కాదు కదండీ అన్నారు. ఆ పేరు అమ్మిన కంపెనీ ఎవరో వెతికి పట్టుకుని ఇంగ్లీషులో మెయిల్ పెట్టాను. టికెట్ నంబరు వచ్చింది. రెండు రోజులకి "ఆ పేజీలో మాకేమీ కనబడలేదు, ఫిర్యాదు ముగిస్తున్నాం" అన్నారు. అది చదువుతూ అదే నిమిషంలో ఫోనులో తెరిచి చూస్తే పేజీ నిక్షేపంలా ఉంది. నాలుగో రోజున నాన్నగారితో పనిచేసిన లెక్కల మాస్టారికి అదే పేజీలో 12,000 పోయాయి.

పొలం గొడవకి ఎమ్మార్వో ఉన్నాడు. ఆయన వినకపోతే ఆర్డీవో, ఆ పైన జాయింట్ కలెక్టర్. మరి ఇంటర్నెట్‌కి ఎమ్మార్వో ఎవరండి? నిజంగా ఎవరూ లేరా, లేక నాకు దారి తెలియదా?

డల్లాస్ సూరి:

అన్నా, నాన్నగారికి ధైర్యం చెప్పండి. ఇక్కడ మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ వాళ్ళే పడిపోతున్నారు, ఆయన ఎంత.

నా ఉద్దేశంలో ఇవన్నీ అనవసరమైన తిప్పలు. ఢిల్లీలో ఒక ఆఫీసు, ఒక బటన్. ఫిర్యాదు రాగానే దేశంలోని నెట్ కంపెనీలన్నిటిలో ఆ సైటు ఆగిపోవాలి. 2023 డిసెంబరులో పార్ట్‌టైమ్ ఉద్యోగాల పేరుతో మోసం చేసే సైట్లని వందకి పైగా అలాగే ఆపారు కదా. రోజూ అదే చెయ్యొచ్చుగా?

రాత్రి డ్యూటీ:

నెట్‌సెంటర్ అన్నా, నేను మాదాపూర్‌లో డొమైన్ పేర్లు (సైట్ల అడ్రసులు) అమ్మే ఒక కంపెనీలో అబ్యూజ్ డెస్కులో పనిచేస్తాను. అబ్యూజ్ డెస్కంటే తిట్లు తినే డెస్కు అని మా అమ్మ అనుకుంటుంది. పెద్దగా తప్పు లేదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మీరు పెట్టినలాంటి మెయిళ్ళు చదవడమే నా పని. మీరు రాసిన కంపెనీ మాది కాదులెండి, ఆ సంగతి ముందే చెప్తున్నా. కానీ మీ టికెట్ ఎందుకు మూసేసి ఉంటారో పక్కన కూర్చుని చూసినట్టు చెప్పగలను.

వాళ్ళు అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. వాళ్ళకి నిజంగానే ఏమీ కనబడి ఉండదు. ఈ దొంగ పేజీలు వచ్చినవాడెవడో చూసుకుని మరీ తలుపు తీస్తాయి. ఇండియా మొబైల్ నెట్‌వర్క్ నుంచి, అదీ ఫోన్ నుంచి వస్తేనే బ్యాంకు పేజీ. వేరే దేశం నుంచో, ఆఫీసు కంప్యూటర్ నుంచో తెరిస్తే తెల్ల కాగితం, లేదంటే "పేజీ లేదు". మా డెస్కు డ్రాయర్లో ఇందుకోసమే ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను ఉంటుంది. స్క్రీను ఒక మూల పగిలింది, ప్రీపెయిడ్ సిమ్ము, నెలనెలా రీఛార్జి బిల్లు పెట్టుకుంటాం. దాని పేరు అల్లుడు. దొంగ సైట్లన్నీ దానికొక్కదానికే మర్యాదలు చేస్తాయి కాబట్టి ఆ పేరు పెట్టాం. ఫిర్యాదు రాగానే "అల్లుణ్ణి పంపావా?" అనేది మా మొదటి ప్రశ్న. మీ టికెట్ చూసినవాడి దగ్గర అల్లుడు లేడు.

ఇక మీ అసలు ప్రశ్న. ఎమ్మార్వో లేడు. ఉన్నదల్లా ఒకరితో ఒకరు రాసుకున్న ఒప్పందాలు.

ఒక దొంగ సైటు నిలబడాలంటే కనీసం ముగ్గురు కావాలి. చివరి ముక్క (డాట్ కామ్, డాట్ టాప్ లాంటివి) పుస్తకం ఉంచేది రిజిస్ట్రీ. ఆ పుస్తకంలో పేరు రాయించి మీకు అమ్మేది రిజిస్ట్రార్, అంటే మాలాంటి వాళ్ళం. పేజీ కూర్చునే సర్వరు అద్దెకిచ్చేది హోస్టింగ్ కంపెనీ. మన భాషలో చెప్పాలంటే అడంగల్ ఒకరి దగ్గర, దస్తావేజు ఒకరి దగ్గర, ఇల్లు ఇంకొకరిది. ముగ్గురూ మూడు దేశాల్లో ఉండొచ్చు. చాలాసార్లు ఉంటారు కూడా.

వీళ్ళకి పైన ఐకాన్ (ICANN) అని ఒక సంస్థ ఉంది. 1998లో కాలిఫోర్నియాలో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. ప్రపంచం మొత్తానికి పేర్ల వ్యవస్థని నడిపించేది అదే, కానీ అది పోలీసు కాదు. రిజిస్ట్రీలతో, రిజిస్ట్రార్లతో దానికి కాంట్రాక్టులుంటాయి. దాని చేతిలో ఉన్న బెత్తం ఆ కాంట్రాక్టే. హోస్టింగ్ కంపెనీ మీద దానికి ఏ హక్కూ లేదు. దేశాల పేరుతో ఉండే డాట్ ఇన్, డాట్ యూకే లాంటివాటికి ఆ కాంట్రాక్టు కూడా వర్తించదు. డాట్ ఇన్ సంగతి మన నిక్సీ చూసుకుంటుంది.

ఈ సందులో ఎంత దూరం దూరిపోవచ్చో డాట్ టీకే కథ చూస్తే తెలుస్తుంది. అది టోకెలావు అనే మూడు పగడపు దీవులది. జనాభా మొత్తం ఒక మోస్తరు అపార్ట్‌మెంట్ సొసైటీ అంత, సుమారు 1,500. వాళ్ళ తరఫున ఒక కంపెనీ ఆ పేర్లని ఉచితంగా పంచిపెట్టేది. ఉచితం అంటే ఇంకేముంది, మోసగాళ్ళు బంతి భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నారు. అంత చిన్న దీవుల డొమైను ప్రపంచంలోని పెద్ద దేశ డొమైన్లలో ఒకటైపోయింది. చివరికి ఫేస్‌బుక్ వాళ్ళ కంపెనీ మెటా కోర్టుకెక్కాక 2023లో కొత్త పేర్లు ఇవ్వడం ఆగింది. దాన్ని ఆపింది పైనున్న ఆఫీసరు కాదు, ఒక దావా.

అయితే మీ కేసులో చివరి ముక్క దేశానిది కాకపోతే మీకు ఒక ఆయుధం ఉంది. ఐకాన్‌తో రిజిస్ట్రార్లు రాసుకున్న కాంట్రాక్టులో 3.18 అనే నిబంధన. పాత మాటల్లో అది ఫిర్యాదుని "విచారించి తగినట్టు స్పందించాలి" అనేది. టికెట్ నంబరు పంపడం కూడా స్పందనే అని వాదించిన కంపెనీలున్నాయి. 2024 ఏప్రిల్ 5 నుంచి దాన్ని బిగించారు. ఫిషింగ్ (మీకు జరిగినట్టు దొంగ పేజీతో వివరాలు లాగడం), మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాములు), బాట్‌నెట్ (దొంగలు లొంగదీసుకున్న కంప్యూటర్ల గుంపు), ఫార్మింగ్ (సరైన అడ్రసు కొట్టినా దొంగ సైటుకి మళ్ళించడం), వాటిని మోసుకొచ్చే స్పామ్... ఈ ఐదింటికీ తగిన ఆధారం చేతికందితే, దాన్ని ఆపడానికి వెంటనే చర్య తీసుకుని తీరాలి. "వెంటనే" అంటే ఎన్ని గంటలో మాత్రం రాయలేదు. దాని గురించి మా ఆఫీసులో టీ దగ్గర జరిగిన గొడవలు ఇక్కడ రాయను. రిజిస్ట్రీల కాంట్రాక్టులోనూ అలాంటి నిబంధనే చేర్చారు. అది కాగితాల మీదే ఉండిపోలేదు. అదే 2024 జులైలో డాట్ టాప్ రిజిస్ట్రీకి ఫిషింగ్ ఫిర్యాదులు పట్టించుకోవడం లేదని ఐకాన్ నోటీసిచ్చింది.

కాబట్టి రేపు కాదు, ఇప్పుడే మళ్ళీ రాయండి. ఐకాన్ లుకప్ పేజీలో ఆ పేరు కొట్టండి. కొన్నవాడి పేరు కనబడదు. 2018లో యూరప్ ప్రైవసీ చట్టం వచ్చినప్పటి నుంచి అది మూసేశారు, దాని మీద టైమ్ పెట్టొద్దు. మీకు కావలసింది మూడే: రిజిస్ట్రార్ అబ్యూజ్ మెయిల్, ఆ పేరు పుట్టిన తేదీ, స్టేటస్. తర్వాత మెయిల్లో లింకు పూర్తిగా పెట్టండి. మొదటి ముక్క ఒక్కటీ పంపి "ఈ సైటు మోసం" అని రాసేవాళ్ళే ఎక్కువ, ఆ లింకుతో మాకు ఏ తలుపూ తెరుచుకోదు. ఫోనులో, మొబైల్ డేటా మీద తెరిచిన పేజీ ఫొటో తీయండి, పైన గడియారం, అడ్రసు రెండూ కనబడాలి. పక్కన అసలు బ్యాంకు పేజీ ఫొటో. "ఇండియా మొబైల్ నెట్‌వర్క్ నుంచి తెరిస్తేనే కనబడుతుంది" అన్న ముక్క మొదటి వాక్యంలోనే ఉండాలి. సైబర్ క్రైమ్ పోర్టల్లో వచ్చిన ఫిర్యాదు నంబరు వెయ్యండి. చివర 3.18 ప్రస్తావన. అదే మెయిలు రిజిస్ట్రీకి, హోస్టింగ్ కంపెనీకి కూడా. మీ కష్టం, నాన్నగారి ఆరోగ్యం వగైరా రాయకండి. బాధ లేక కాదు, రాత్రి మూడింటికి 140వ మెయిల్ చదివేవాడికి లింకు ముందు కనబడాలి. ఇలా రాసినా జవాబు రాకపోతే ఐకాన్ కంప్లయన్స్ (కాంట్రాక్టు అమలు చూసే విభాగం) వాళ్ళకి ఫారం ఉంది, వాళ్ళు ఆ రిజిస్ట్రార్‌ని సంజాయిషీ అడుగుతారు. దానికి మాత్రం రోజులు కాదు, వారాలు పడతాయి.

ఒక్కటి చూసుకోండి. ఆ పేరు మెసేజ్ రావడానికి రెండు మూడు రోజుల ముందే పుట్టిందంటే మోసానికే కొన్నారని అర్థం, పేరునే హోల్డ్‌లో, అంటే పనిచెయ్యకుండా, పెట్టమని అడగొచ్చు. ఐదారేళ్ళ పాతదైతే ఆగండి. ఎవరిదో అమాయకుడి సైటులోకి దూరి పేజీ పెట్టి ఉంటారు. నేను ఒకసారి తొందరపడి ఒక కల్యాణ మండపం వాళ్ళ పేరు ఆపేయించాను. మాఘమాసం, బుకింగుల సీజను. ఓనరు ఫోన్లో నన్ను తిట్టిన తిట్లకి అబ్యూజ్ డెస్కు పేరు సార్థకమైంది. అలాంటప్పుడు పేరు జోలికి పోకుండా హోస్టింగ్ వాళ్ళతో ఆ ఒక్క పేజీ తీయించాలి.

సూరి అన్నా, మీ బటన్ గురించి తర్వాత రాస్తాను. షిఫ్టు మొదలైంది.

పాసుబుక్:

గోదావరి జిల్లాల్లోనే ఒక సహకార అర్బన్ బ్యాంకులో పనిచేస్తున్నాను. పైన రాత్రి డ్యూటీ అమ్మాయి చెప్పింది దొంగని పట్టుకునే దారి. మేం రెండో దారిలో ఉన్నాం, అంటే అసలు వాళ్ళ మెడలో గుర్తింపు కార్డు వేయడం.

2025 ఏప్రిల్ 22న రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ వచ్చింది. బ్యాంకులన్నీ ఆ ఏడాది అక్టోబరు 31లోగా బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in) అడ్రసుకి మారాలని అందులో ఉంది. ఆ పేర్లు ఇచ్చే హక్కు దేశం మొత్తంలో ఒక్కరికే, మన హైదరాబాదు మాసబ్ ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీకి. మామూలు డొమైన్ అయితే కార్డు గీకితే ఐదు నిమిషాల్లో వస్తుంది. ఇక్కడ బ్యాంకు అయితేనే పేరు. బ్యాంకు కానివాడికి పేరు పుట్టనే పుట్టదు. నిక్సీ పుస్తకంలో ఒక గది తీసి తాళం ఐడీఆర్‌బీటీ చేతికిచ్చారన్నమాట.

చెప్పడానికి రెండు వాక్యాలు. చేసేటప్పుడు మా ఐటీ కుర్రాడికి జుట్టు రాలిపోయింది. చెక్కుబుక్కుల వెనక పాత అడ్రసు. ఏటీఎం చీటీ మీద, గోడ క్యాలెండర్ల మీద పాత అడ్రసు. ఒక బ్రాంచిలో బోర్డు మీద అడ్రసు పెయింటింగ్ వేసి ఉంటే పెయింటరు దొరక్క దాని మీద ఫ్లెక్సీ కట్టాం. "మీ బ్యాంకు పేరు మారిందా, ఎవరైనా కొనేశారా?" అని ఇద్దరు డిపాజిట్లు తీసేయడానికి వచ్చారు.

అన్నిటికన్నా పెద్ద గండం ఏమిటంటే పాత పేరు. మారిపోయాం కదా, రెన్యువల్ ఎందుకు దండగ అని మీటింగులో ఒక డైరెక్టరు గారన్నారు. వదిలేస్తే గడువు దాటిన కొన్నాళ్ళకి ఎవడైనా కొనుక్కోవచ్చు. పదేళ్ళుగా జనం బుక్‌మార్క్ చేసుకున్న అడ్రసు, మా పాత మెయిల్ ఐడీలకి వచ్చే ఉత్తరాలు, అన్నీ వాడి చేతికి పోతాయి. ఆయనకి అర్థం కావడానికి "పాత లాకరు తాళం చెవి చెత్తబుట్టలో వేస్తామా?" అనాల్సి వచ్చింది. ఇప్పుడు పాత పేరు కూడా డబ్బులు కట్టి అట్టేపెట్టుకున్నాం.

నెట్‌సెంటర్ గారూ, నాన్నగారికి ఒక్కటి నేర్పండి. అడ్రసుని ఎడమ నుంచి చదవొద్దు. ముందున్న https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి అడ్డగీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. వెనక్కి చదివితే ముందు ఇన్, చుక్క, బ్యాంక్, మళ్ళీ చుక్క రావాలి. మోసగాళ్ళు అప్పుడే దీనికీ విరుగుడు కనిపెట్టారు. "బ్యాంక్.ఇన్" వరకు సరిగ్గా పెట్టి, వెంటనే చిన్న గీత (-), "కేవైసీ" అని రాసి, ఆ తర్వాత ఇంకేదో చుక్కతో ముగిస్తారు. ఎడమ నుంచి చదివితే అసలు బ్యాంకులాగే ఉంటుంది. మా కౌంటర్లో ఒక పెద్దావిడకి పది నిమిషాలు చెప్పాను. అంతా విని "నేను ఫోనులో పేరు కొట్టి పైన వచ్చింది నొక్కుతాను బాబూ" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిడదవోలు నెట్‌సెంటర్:

చెల్లెమ్మా, పాసుబుక్ గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడే చూశాను. నాన్నగారికి మెసేజ్ వచ్చిన ముందురోజు పుట్టిందండి ఆ పేరు! స్క్రీన్‌షాట్లు తీసి మెయిల్ రాశాను, పావు తక్కువ పదకొండుకి పంపాను.

ఒక సందేహం. నాన్నగారికి ఇంగ్లీషు వచ్చు గానీ ఫోనులో ఆ చిన్న అక్షరాలు చదవలేరు. అడ్రసు తెలుగులోనే ఉంటే ఈ చుక్కల గొడవ తేలిక అవదా? తెలుగులో డాట్ భారత్ ఉందంటారు కదా?

ఒత్తులు దీర్ఘాలు:

ఫాంట్లు గీసేవాణ్ణి, ఈ ఒక్కదానికి నేను చెప్తాను. ఉంది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ ఉంది. కానీ తేలిక అవుతుందనుకోకండి.

బెంగళూరు బస్సు బోర్డు చూసి సగం చదివేసిన అనుభవం మనందరికీ ఉందిగా? మన బ, ర, జ, ట, డ, సున్నా... కన్నడంలో దాదాపు ఇవే. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేరువేరు అక్షరాలు. తలకట్టు దగ్గర చిన్న తేడా ఉంటుంది, ఫోను సైజులో అదీ కనబడదు. అంటే ఇలాంటి అక్షరాలతో తెలుగులో మీరు కొన్న పేరుని అక్షరం అక్షరం కన్నడంలో కొని ఎవడైనా కవలపిల్లని దించొచ్చు. ఇది ముందే ఊహించి ఐకాన్ కింద తొమ్మిది భారతీయ లిపులకి ఒక బృందం కూర్చుని, ఏ అక్షరం దేనికి కవలో పట్టికలు రాసింది. ఆ పట్టిక ప్రకారం చివరి ముక్క స్థాయిలో తెలుగు పేరు ఒకటి ఇచ్చేస్తే దాని కన్నడ కవల ఇంకొకరికి దక్కదు. నాకు ఈ పట్టికలంటే మహా ఇష్టం. ఇంటర్నెట్ పాలన అంటే ఏవో పెద్ద మీటింగులు అనుకుంటారు గానీ, "తెలుగు ళ, కన్నడ ళ ఒకటేనా కాదా" అని కూర్చుని తేల్చడం కూడా అందులో భాగమే. అయితే ఆ పట్టిక చివరి ముక్కకే. ముందు ముక్కల సంగతి ఎక్కడికక్కడ ఆ రిజిస్ట్రీ పెట్టుకున్న రూలు మీద ఆధారపడుతుంది.

రాత్రి డ్యూటీ:

షిఫ్టు అయింది. సూరి అన్నా, మీ బటన్.

బ్లాక్ చెయ్యడం చేస్తున్నారు, చెయ్యాలి కూడా. కానీ మోసగాడు ఒక పేరుని ఎన్ని గంటలు వాడతాడో మా డెస్కులో చూస్తుంటాం. ఆదేశం తయారై, నెట్ కంపెనీలకి చేరి, వాళ్ళు పట్టికలో ఎక్కించేలోపు వాడు పక్క పేరుకి మారిపోతాడు. వాడి దగ్గర ఒకేసారి కొన్న పేర్లు పాతికో ముప్ఫయ్యో ఉంటాయి. నెట్‌సెంటర్ అన్నకి ఆరు రోజులు బతికిన పేరు దొరకడం వాడి బద్ధకమే.

ఇక బటన్ తప్పుగా నొక్కితే ఏమవుతుందో ఒకసారి జరిగి చూపించింది. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ని ఆపమని పాకిస్తాన్ ప్రభుత్వం ఆదేశించింది. అక్కడి టెలికాం సంస్థ "యూట్యూబ్‌కి దారి ఇటే" అని తన నెట్‌వర్క్‌లో చెప్పుకుంది, వచ్చినవాళ్ళని గోతిలోకి పంపడానికి. ఆ మాట సరిహద్దు దాటింది. హాంకాంగ్‌లో వాళ్ళకి పైన ఉన్న కంపెనీ అది నిజమో కాదో చూసుకోకుండా లోకానికి చాటింది. రెండు గంటల పాటు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ లేదు. ఎవరూ ఎవరినీ హ్యాక్ చెయ్యలేదు. నెట్‌వర్కులు ఒకరి మాట ఒకరు నమ్ముతాయి, అంతే.

ఒకే చోట బటన్ పెడితే ఆ బటన్ కోసం ఎవరు వస్తారో కూడా చూడాలి. 2022లో యుద్ధం మొదలైన నాలుగైదు రోజులకే ఉక్రెయిన్ ప్రభుత్వం రష్యా డొమైను డాట్ ఆర్‌యూని తీసేయమని ఐకాన్‌ని అడిగింది. ఐకాన్ ఒప్పుకోలేదు, అది మా పని కాదంది. ఉక్రెయిన్ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ రోజు తీసేసి ఉంటే మర్నాటి నుంచి ఎవరి మీద ఎవరు అర్జీ పెడతారో ఊహించండి.

నాకు ఇది బుర్రకెక్కింది 2016లో. ఐకాన్ మీటింగు హైదరాబాదులోనే, హెచ్ఐసీసీలో జరిగింది, నవంబరు 3 నుంచి 9 దాకా. నేను ఇంజనీరింగ్ స్టూడెంటుని, మెడలో ట్యాగు వేసుకుని దారి చూపించే వాలంటీరుని. సరిగ్గా నెల ముందే, అక్టోబరు 1న, పేర్ల వ్యవస్థ మీద అమెరికా ప్రభుత్వానికి ఉన్న కాంట్రాక్టు ముగిసింది. ఆ తర్వాత మొదటి మీటింగు ఇదే. ఎవరికి మైకు దొరికితే వాళ్ళు మాట్లాడుతున్నారు. దేశాల ప్రతినిధులు, కంపెనీల వాళ్ళు, ప్రైవసీ కోసం పోట్లాడేవాళ్ళు, అందరికీ ఒకటే క్యూ. ఒక్క వాక్యం గురించి గంటన్నర. ఇంత నెమ్మదిగా ఏం తేలుస్తారు అని నవ్వుకున్నాను.

8వ తారీఖు రాత్రి ఎనిమిదింటికి పెద్ద నోట్ల రద్దు. మర్నాడు చివరి రోజు. ఒక ఆఫ్రికా దేశం నుంచి వచ్చిన పెద్దాయన నా ట్యాగు చూసి దగ్గరికొచ్చి, ఎయిర్‌పోర్టులో మార్చుకున్న ఐదువందల నోట్లు తీసి ఇవి ఎక్కడ చెల్లుతాయమ్మా అన్నాడు. నా దగ్గరున్న వంద నోట్లు మూడూ ఆయన టాక్సీకి ఇచ్చాను. లోపల హాల్లో ఇంకా అదే వాక్యం గురించి మాట్లాడుకుంటున్నారు.

దాన్నిబట్టి నెమ్మదే మంచిదని నేననను. నేను రోజూ చూసేది ఆ నెమ్మదికి బలైనవాళ్ళనే. ఆధారం ఉన్న ఫిషింగ్‌కి 24 గంటలు అని కాంట్రాక్టులో అంకె వేయాలని మొదటి నుంచీ అనుకుంటున్నాను. మా కంపెనీ తరఫున కాదు, నా మాటగా. పేర్లు గంపగుత్తగా అమ్మేటప్పుడు ఒకే కార్డు మీద ముప్ఫై బ్యాంకు పేర్లలాంటివి కొంటున్నవాణ్ణి అక్కడే ఆపి ఒక ప్రశ్న అడగాలి. అది అడిగితే అమ్మకం పోతుందని ఎవరూ అడగరు, అసలు రోగం అక్కడే ఉంది. వాడి మొదటి పేరు పట్టుకున్నప్పుడు మిగతా ఇరవై తొమ్మిదీ వెతికి తీసేయమని ఏ నిబంధనా మమ్మల్ని బలవంతపెట్టడం లేదు. నేను ఖాళీ ఉన్న రాత్రి చేస్తాను, ఖాళీ లేని రాత్రి చెయ్యను.

డల్లాస్ సూరి:

సరే, బటన్ వెనక్కి తీసుకుంటున్నా, సగం. ఆ 24 గంటల అంకె కోసం మనం రాయడానికి చోటుందా?

రాత్రి డ్యూటీ:

ఉంది. కాంట్రాక్టు మారుస్తున్నప్పుడు ఐకాన్ సైటులో ముసాయిదా పెడతారు, ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు. అక్కడ రాసేదంతా మాలాంటి కంపెనీల లాయర్లే. నెట్‌సెంటర్ వాళ్ళు, పింఛనుదారులు రాసింది నేనెప్పుడూ చూడలేదు.

నిడదవోలు నెట్‌సెంటర్:

అప్‌డేట్ అండి. పొద్దున తొమ్మిదిన్నరకి రిజిస్ట్రార్ నుంచి మెయిల్ వచ్చింది. రెండే లైన్లు. పేరు హోల్డ్‌లో పెట్టాం అని. ఫోనులో తెరిచాను, రాలేదు. నాన్నగారి ఫోనులో తెరిచాను, రాలేదు. లెక్కల మాస్టారు నమ్మక స్వయంగా షాపుకి వచ్చి ఆయన ఫోనులో తెరిచి చూసుకున్నారు.

నాన్నగారు పాసుబుక్కు అట్ట మీద బ్యాంకు అడ్రసు పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు. చుక్క ఉన్నచోట బాల్‌పెన్నుతో గుండ్రంగా చుట్టి "ఇక్కడ గీత ఉంటే దొంగ" అని పక్కన రాసుకున్నారు. ఎర్ర సిరాతో, పేపర్లు దిద్దినట్టు.

సాయంత్రం ఐదింటికి తాడేపల్లిగూడెం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు, రిటైర్డ్ టీచరే. అదే మెసేజ్, అదే నీలం పేజీ, పేరు మాత్రం వేరు. నొక్కారు గానీ ఏమీ నింపలేదట. లింకు వాట్సాప్‌లో తెప్పించుకుని చూశాను. ఆ పేరు ఇవాళ మధ్యాహ్నం పుట్టింది, రిజిస్ట్రార్ కూడా వేరు. మొబైల్ డేటా ఆన్ చేసి స్క్రీన్‌షాట్ తీస్తున్నాను. చెల్లెమ్మా, ఈసారి 3.18 మొదటి లైన్లోనే వెయ్యనా?